సంతనాటి గోలి

ఈ వారం వేరే సంగతి రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కలం సాగలేదు. కడుపులో ఒకటి పెట్టుకుని కాగితం మీద మరొకటి రాయడం నాకు చేతకాదు. అందుచేత ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. తరవాత మీరు ఏ శిక్ష వేసినా సరే.

మా అక్క మెట్టినవూరు వీపనగండ్ల. మొన్నమొన్నటిదాకా మహబూబ్‌నగరు జిల్లా. 2016 నుంచి వనపర్తి జిల్లా. హైదరాబాదు నుంచి వెళ్ళేటప్పుడు నేను పెబ్బేరులో దిగి మరో బస్సు పట్టుకుంటాను. ఆ బస్సు కోసం కాచుకున్న గంటలన్నీ కలిపితే సగం భారతం చదివి వుండవచ్చు. అయినా వెళ్ళేవాణ్ణి, అక్క చేతి జొన్నరొట్టె కోసం. గోధుమపిండికున్న సాగే గుణం జొన్నపిండికి లేదు. కర్రతో ఒత్తితే పగిలి వూరుకుంటుంది. వేణ్ణీళ్ళతో కలిపి, అరచేత్తో తట్టి తట్టి, తిప్పి తిప్పి పల్చన చెయ్యాలి. ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది. "మీ అక్క నన్ను కొట్టలేక పిండిని కొడుతున్నది, బామ్మర్దీ" అనేవాడు మా బావ.

నాలుగేళ్ళ క్రితం ఆ చప్పుడు ఆగిపోయింది. పొద్దున్నే లేస్తే వేళ్ళు ముడుచుకోవు. మణికట్లు రెండూ వాచి వేడిగా వుంటాయి. పది గంటలయితే గాని చెంబు పట్టుకోలేదు. కర్పూరం నూనె రాశారు, వావిలాకు కాపడం పెట్టారు, ఎవరో చెబితే రాగి కడియం తొడిగారు. చివరికి మేనల్లుడు పట్నం తీసుకువెళ్ళి చూపిస్తే డాక్టరు, "ఇది వయసుతో వచ్చే అరుగుడు నొప్పి కాదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఒంట్లో రోగాల మీద పోరాడవలసిన కణాలు సొంత కీళ్ళ మీద పడ్డాయి" అన్నాడు. రెండు రకాల మాత్రలు రాశాడు.

మా వైపు మాత్రను గోలి అంటారు. మేనల్లుడు ఆ చీటీకి ఫొటో తీసి ఫోనులో నాకు పంపాడు. "మామా, ఏది ఎప్పుడు వెయ్యాల్నో చెప్పు" అన్నాడు. ముప్ఫై యేళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన మామ కదా! నేనప్పుడు పెళ్ళికి బయలుదేరుతున్నాను. ఒక చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ చీటీ చూశాను. ఒకటి మెతోట్రెక్సేట్, వారానికోసారి. రెండోది ఫోలిక్ ఆమ్లం, మిగిలిన రోజుల్లో. రెండూ పసుపుపచ్చని చిన్న గోలీలే. నేను తారుమారు చేసి చెప్పాను. వారానికోసారి వెయ్యవలసినదాన్ని రోజూ వెయ్యమన్నాను.

పదో రోజుకు అక్క నోరంతా పుండ్లు. జ్వరం. గటక పలచగా కాచి పోసినా మింగలేకపోయింది. ఆసుపత్రికి తీసుకువెళితే రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయి వున్నాయి. "రోజూ వెయ్యమని ఎవరు చెప్పారు?" అని అక్కడి డాక్టరు అడిగితే, "మా తమ్ముడు. కాలేజీల సారు" అన్నదట అక్క, ఆ నోటితోనే, గర్వంగా.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో వుంది. బతికింది. నా పుణ్యం కాదు, ల్యూకోవోరిన్ అనే సూదిమందు పుణ్యం. దాని సంగతి తరవాత చెబుతాను.

ఇంటికి వచ్చాక అక్క ఒకటే మాట మీద కూర్చుంది. "తమ్మీ, నిన్నేమనను. గాని ఆ గోలి మల్ల నా నోట్ల పడొద్దు." మా బావ నన్ను పక్కకు పిలిచి, "అది క్యాన్సరు మందట గద, బామ్మర్దీ?" అన్నాడు. అబద్ధం కాదు. కాని మందు లేకపోతే వాపు మళ్ళీ వస్తుంది. ఒకసారి అరిగి వంకర పోయిన కీలు తిరిగి చక్కబడదు. రక్తపరీక్షలు సరిగా వచ్చాక సరయిన మోతాదులో తిరిగి మొదలుపెట్టవచ్చని, తప్పు మందుది కాదని డాక్టరు చెప్పాడు. తప్పు ఎవరిదో ఆయన నా ముఖం మీద అనలేదు గాని, నాకు వినిపించింది.

అందుకని పోయిన నెల మళ్ళీ బస్సెక్కాను. అరుగు మీద కూర్చున్నాం. అక్క అడిగిన మొదటి ప్రశ్నకే నాకు చెమటలు పట్టాయి.

"నా ఒంట్లున్న సిపాయిలు నన్నే కొరుకుతున్రంటివి. వాండ్లకు బుద్ధి యాడ పోయింది?"

చూశారా, మా అక్క బడికి వెళ్ళింది నాలుగో తరగతి దాకానే. కాని ఈ ప్రశ్న చుట్టూ తిరిగిన ముగ్గురికి 2025లో నోబెల్ బహుమానం ఇచ్చారు. సంగతి ఇది. మన రొమ్ముయెముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి వుంది. టి-కణాలనే సిపాయిలకు అది పాఠశాల. అక్కడ సొంత ఒంటి మీద కయ్యానికి దిగేవాళ్ళను చాలామట్టుకు పరీక్ష తప్పించి పంపేస్తారు. అయినా కొందరు తప్పించుకుని బయట పడతారు. వాళ్ళను అదుపులో పెట్టడానికి శాంతిరక్షకులనదగిన మరో రకం టి-కణాలున్నాయి. 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి వీటిని గుర్తించాడు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అన్నవాళ్ళు ఈ వ్యవస్థకు కీలకమైన ఫాక్స్‌పి3 అనే జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువు చెడిపోతే శాంతిరక్షకులు వుండరు, ఒళ్ళే రణరంగమవుతుంది.

"అయితే నా ఒంట్ల ఆ మంచోళ్ళు చచ్చిపోయిన్రా?" అన్నది అక్క.

చావలేదు. నిద్రపోయారనో, నీరసించారనో అనుకోవచ్చు. ఇక్కడే అసలు విచిత్రం. థైమస్ నుంచి బయటికి వచ్చిన లేత టి-కణం తరవాత సిపాయి అవుతుందా, శాంతిరక్షకుడవుతుందా అనేది చాలాసార్లు అప్పటికింకా తేలదు. ఎవరు ఏ కబురు పంపారన్నది ఒక కారణం. ఆ కణం తన పొయ్యిలో ఏం మండిస్తుందన్నది మరొక కారణం. ఇది ఈ శతాబ్దంలో తెలిసిన సంగతి.

అక్కకు పొయ్యి భాషలో చెప్పాను. కొట్లాటకు దిగే కణం చొప్పమంట పెట్టుకుంటుంది. చక్కెరను గబగబా సగం కాల్చి పారేస్తుంది. దండిగా ఖర్చు, కాని తొందరగా పెరగాలంటే అదే దారి. శాంతిరక్షక కణం పిడకల దాలి లాంటిది. నింపాదిగా, ఎక్కువగా కొవ్వును చివరిదాకా కాలుస్తుంది. 2011లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల కణాల మీద ఒక పని చేశారు. చక్కెర మంటను మందుతో అణిచారు. సిపాయిలు కావలసిన కణాలు చాలామట్టుకు శాంతిరక్షకుల వైపు తిరిగాయి. కబురు మారలేదు, పొయ్యి మారింది, అంతే.

ఈ పొయ్యి దగ్గర పని చేసే వంటవాళ్ళే ఎంజైములు. వీళ్ళు వంటకే పరిమితం కారు సుమండీ. జి.ఎ.పి.డి.హెచ్. అని ఒక ఎంజైము వుంది. (పూర్తి పేరు రాస్తే మీరు పత్రిక మూసి సీరియల్ పేజీకి వెళ్ళిపోతారు.) చక్కెర కాల్చే పనిలో వున్నంతసేపూ అది తన పని తాను చేసుకుంటుంది. పొయ్యి దగ్గర పని తగ్గితే మాత్రం, వెళ్ళి కణంలోని ఆయుధాల చీటీల మీద కూర్చుంటుంది. ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఆయుధం తయారు చెయ్యమన్న ఉత్తరువు దాని కింద నలిగి, అమలు కాకుండా వుండిపోతుంది. సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 2013లో దీన్ని బయటపెట్టారు. వంటమనిషికి తీరిక దొరికితే యుద్ధం ఆగుతుందన్నమాట. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

"అది సరే, ఈ గోలి ఏం చేస్తది మరి?" అన్నాడు బావ. ఆయనకు ఉపమానాలంటే ఓపిక లేదు.

గోలి కథ భీమవరంలో మొదలవుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ 1895లో పుట్టాడు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తనకూ వచ్చి తగ్గింది. మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి పని చేసి, 1929లో కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని ప్రకటించాడు. జర్మనీలో లోమాన్ కూడా ఆ యేడే దాన్ని కనుక్కున్నాడు. ఆ తరవాత 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళి, అక్కడ తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించాడు. అది స్ప్రూ రోగులకు పనికొచ్చింది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

ఆ ఫోలిక్ ఆమ్లం రూపాన్నే కొద్దిగా మార్చి ఆయన బృందం దానికి పోటీ వేషగాళ్ళను తయారు చేసింది. అమినోప్టెరిన్ ఒకటి, దాని తోబుట్టువే మన మెతోట్రెక్సేట్. కణం కొత్త కణాన్ని కనాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము పనికొచ్చే రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైము పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. వేషగాడు ఎదురైతే అది అసలువాడే అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. పసుపుపచ్చని రెండు గోలీలను చూసి నేను మోసపోయినట్టే! ఆ ఎంజైముకు కనీసం కళ్ళు లేవు. నాకు కళ్ళూ వున్నాయి, జోడూ వుంది.

1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తపు క్యాన్సరును, కొంతకాలమే అయినా, వెనక్కు మళ్ళించాడు. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశాడు. 1951లో అమెరికాలో కొందరు డాక్టర్లు అదే మందును కీళ్ళవాపు రోగులకు చాలా చిన్న మోతాదులో ఇచ్చి గుణం చూశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1985 నాటికి గాని మెతోట్రెక్సేట్ పని చేస్తుందని గట్టి పరీక్షలు నిలబడలేదు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దాన్ని అంగీకరించింది.

"అయితే క్యాన్సరు గోలే గద!" అన్నది అక్క.

క్యాన్సరుకు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లుండవచ్చు. అక్కడి పని, పెరిగే కణాలను మాడ్చి చంపడం. ఇక్కడి పని అది కాదు. గోలి కణంలోకి వెళ్ళాక దానికి గ్లూటమేటు తోకలు తగులుకుంటాయి. తోకలున్నవాడు తలుపులోంచి బయటికి రాలేడు. రోజుల తరబడి లోపలే వుంటాడు. అందుకే వారానికోసారి చాలు. రోజూ వేస్తే పోగు పడుతుంది. అప్పుడు వేగంగా పెరిగే చోటల్లా, అంటే నోటి చర్మంలో, యెముకల మూలుగలో, కణాలకు తిండి ఆగిపోతుంది. అక్క నోటి పుండ్లూ, పడిపోయిన తెల్లకణాలూ అలా వచ్చినవే. సూదిమందుగా ఇచ్చిన ల్యూకోవోరిన్ ఎంజైము ఇవతల వండి సిద్ధంగా వున్న ఫోలేటు. పొయ్యి మూసేసినా వండిన అన్నం పొరుగింటి నుంచి వచ్చినట్టు.

సరయిన మోతాదులో గోలి మరో ఎంజైమును కొద్దిగా అడ్డుతుంది. ప్యూరిన్లనే ముడిసరుకు తయారయ్యే దారిలో వుంటుందది. దారి ఇరుకై, చివరికి కణాల బయట అడినోసిన్ అనే పదార్థం పెరుగుతుంది. దీని గురించి చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కారణం చెబుతాను. కణం లోపల ఎ.టి.పి. శక్తి. అదే దెబ్బ తిన్న కణంలోంచి బయటికి ఒలికితే, 'అపాయం, రండి' అని సిపాయిలను పిలిచే దండోరా. శాంతిరక్షక కణం ఒంటి మీద సి.డి. 39, సి.డి. 73 అని రెండు ఎంజైములు కత్తెరల్లా వుంటాయి. దండోరా వినపడగానే అవి ఎ.టి.పి.ని తుంపులు తుంపులుగా కత్తిరిస్తాయి. మిగిలేది అడినోసిన్. అదేమో, 'ఏమీ లేదు, వెనక్కు వెళ్ళండి' అని చెప్పే కబురు. యుద్ధపిలుపును తుంచి దానిలోంచే సంధిమాట తీస్తుందన్నమాట ఆ కణం. ఇది 2007లో బోస్టన్ శాస్త్రజ్ఞులు చూపించారు. 1929లో సుబ్బారావు ఎ.టి.పి.ని పట్టుకున్న వూరూ అదే. ఆయన కనుక్కున్న పదార్థమూ, ఆయన బృందం నుంచి వచ్చిన మందూ, ఇద్దరూ కలుసుకునే చోటు మా అక్క మణికట్టు.

ఈ గోలి అందరికీ పని చెయ్యదు. శాంతిరక్షకుల మీద సి.డి. 39 తక్కువగా వున్న రోగులకు గుణం తక్కువని 2015లో బ్రెజిలు పరిశోధకులు చెప్పారు. ఆ యేడే మరికొందరు, గోలి వాడిన రోగుల్లో ఫాక్స్‌పి3 జన్యువుకు పడ్డ గడియ వదులై, శాంతిరక్షకులు తిరిగి పనిలోకి దిగినట్టు గమనించారు. 2022లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంవారు ఎలుకల్లో ఇంకో మెట్టు ఎక్కారు. ఫోలేటు వంటింట్లోనే వున్న ఎం.టి.హెచ్.ఎఫ్.డి.-2 అనే ఎంజైమును అడ్డితే, మంట రేపే సిపాయికణం ఫాక్స్‌పి3ని తొడుక్కుని శాంతిరక్షకుడి పోకడలు పోతుందట. ఇది మందయి మన ఊరి దుకాణానికి వస్తుందో రాదో గాని, అక్క అడిగిన 'బుద్ధి యాడ పోయింది' అన్న ప్రశ్నకు దారి అటే.

ఇంతలో మేనల్లుడి భార్య చాయ్ తెచ్చింది. ఆరో నెల. అక్క కోడలి కడుపు వైపు చూసి, కాసేపు వూరుకుని, అడిగింది.

"ఆ కడుపుల బిడ్డ సగం మావోనిది. దాని ఒంటికి సగం పరాయిదే గద. మరి దాని సిపాయిలు ఊకుంటున్రేంటికి?"

ఈ ప్రశ్నను 1953లో ఇంగ్లండులో పీటర్ మెడవార్ అనే మహానుభావుడు వేశాడు. 1960లో ఆయనకూ నోబెల్ వచ్చింది. అంచేత మా అక్కకు రెండు నోబెళ్ళు బాకీ అని బావతో అన్నాను. జవాబులో ఒక భాగం మళ్ళీ వంటింట్లోనే వుంది. మాయలో ఐ.డి.ఓ. అనే ఎంజైము వుంటుంది. ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తుల ముక్కను అది అక్కడికక్కడ నమిలి మింగేస్తుంది. ఆ సరుకు లేనిదే టి-కణం సంఖ్య పెంచుకోలేదు. 1998లో జార్జియాలో మన్, మెల్లర్ అనే ఇద్దరు చూలు ఎలుకల్లో ఈ ఎంజైమును మందుతో ఆపి చూశారు. వేరే జాతి తండ్రి పిల్లలు కడుపులోనే పోయాయి. తల్లిదండ్రులిద్దరూ ఒకే జాతి అయిన ఎలుకల పిల్లలు నిలిచాయి. మనుషుల్లో ఈ ఒక్క ఎంజైమే కాదు, ఇంకా చాలా కాపలాలున్నాయి లెండి.

ఆ మాట మీదే కోడలికి గట్టిగా చెప్పాను. అత్తగారి గోలీల డబ్బా జోలికి ఆమె వెళ్ళకూడదు. కడుపుతో వున్నవాళ్ళు మెతోట్రెక్సేట్ మింగకూడదు, బిడ్డకు హాని. పిల్లలు కావాలనుకునేవాళ్ళు డాక్టరుతో మాట్లాడి ముందే మానెయ్యాలి. కోడలు తల వూపి, చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అక్క చాలాసేపు తన వేళ్ళకేసి చూసుకుంది. చూపుడువేలు మొదట్లో వాపు అప్పటికే తిరిగి వస్తున్నది.

"వారానికి ఒక్కతూరే గద?"

"ఒక్కతూరే, అక్కా. మిగిలిన రోజుల్లో రెండోది. రక్తపరీక్ష మాత్రం డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి."

"నువ్వు మాత్రం చెప్పొద్దు. నువ్వు చెప్తే మల్ల తప్పు చెప్తవు." తరవాత బావ వైపు తిరిగి, "పెబ్బేరు సంతకు పోయిన్నాడు నువ్వు ఇంటికొచ్చి నా చేతిల పెట్టు. సంత ఎట్లా వారానికి ఒక్కటే. నువ్వు మరిచినా ఎడ్లు మరువవు" అన్నది.

డాక్టరు ఆ రోజుకే సరేనన్నాడు. మేనల్లుడు మెతోట్రెక్సేట్ డబ్బాకు ఎర్రదారం కట్టి, బావ సంతకు తీసుకుపోయే సంచీలో వేశాడు. ఫోలిక్ ఆమ్లం వంటింటి గూట్లో వుంచాడు. మిగిలిన ఆరు రోజులూ సంచీ దూలానికి వేలాడుతూ వుంటుంది. అక్క చెయ్యి అందదు.

ఆరు సంతలు గడిచాయి. రెండు రక్తపరీక్షలూ బాగానే వచ్చాయట. పొద్దుటి బిగుతు పది గంటల నుంచి ఎనిమిదికి దిగింది. మొన్న సంతనాటి సాయంత్రం ఫోను చేస్తే బావ ఎత్తాడు. వెనక నుంచి చప్పుడు వినిపిస్తోంది. ఆగి ఆగి, మునుపటంత గట్టిగా కాదు.

"ఏమిటా చప్పుడు, బావా?"

"రొట్టె. ఒక్కటే తడుతనన్నది. గుండ్రంగ రాలే, నాకే పెడుతదట" అన్నాడు.